ఊరి దిక్కు కట్ట

ఆ ఎండాకాలం మొదలయ్యేనాటికి మా అమ్మ సూట్‌కేసు ఇంకా తలుపు పక్కనే నిలబడి ఉంది. క్రిస్మస్‌కి ఇటలీ నుంచి వచ్చిన రోజు ఎక్కడ పెట్టిందో అక్కడే. బట్టలు తీసి బీరువాలో పెట్టుకోమంటే, "ఉండనీ తియ్యి, మల్ల సర్దుడెందుకు" అనేది. ఇల్లు ఊడ్చేటప్పుడు దాన్ని జరిపి, కింద ఊడ్చి, మళ్లీ అదే చోట నిలబెట్టేది. దాన్ని చూసినప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

నేను నాలుగో తరగతిలో ఉండగా వెళ్లింది అమ్మ. ఇటలీలో సముద్రం ఒడ్డున పోర్తో వెల్మో అనే చిన్న ఊళ్లో, తెరేసా అనే ముసలావిడను చూసుకునే పని. రెండేళ్లకోసారి వచ్చి, నెల రోజులుండి పోయేది. కొత్తపేట వెనక మా రెండు గదులు, ముందున్న రేకుల షెడ్డు, నా డిగ్రీ అన్నీ ఆ పని పెట్టినవే. పోయిన ఏడాది ముసలావిడ చనిపోయింది, అమ్మ వచ్చేసింది. ఇక ఇంట్లోనే ఉంటుందనుకున్నాను. మార్చిలో ఆ ఊరి నుంచి ఫోన్ వచ్చింది. ఇంకో ముసలాయన ఉన్నాడట, జూన్‌లోపల రావాలట. అమ్మ వస్తాననలేదు, రాననలేదు. ఆలోచించుకుని చెబుతానంది.

ఈసారి పోనివ్వకూడదని నేను పంతం పట్టాను. పైకి మాత్రం అనలేదు. అంటే ఆమె "ఎట్ల బతుకుతరు మరి?" అంటుంది. దానికి జవాబు నా నోట్లో ఉంటే లాభం లేదు, షెడ్డులో ఉండాలి.

షెడ్డేమో ఖాళీగా ఉంది. మా నాయిన ఇస్సాకు సెట్టింగులు కట్టే మేస్త్రీ. చర్చిల్లో క్రిస్మస్ పాకలతో మొదలుపెట్టి పెళ్లి స్టేజీలు, ఎగ్జిబిషన్ గేట్లు దాకా వచ్చాడు. ఇప్పుడు చార్మినార్ కావాలన్నా తాజ్‌మహల్ కావాలన్నా ఫ్లెక్స్ మీద కొట్టించి నాలుగు కర్రలకు కట్టేస్తున్నారు. ఒకప్పుడు పదిమంది పనివాళ్లున్న చోట సైదులొక్కడే మిగిలాడు. అతనూ మా నల్లగొండ వైపు మనిషే, నాయిన చేతికింద రంపం పట్టుకోవడం నేర్చినవాడు.

ఏప్రిల్ మొదట్లో ప్రసన్నకుమార్ గారు వచ్చారు. విజయవాడ మనిషి, ఎండాకాలం సెలవుల్లో ఊరూరా ఎగ్జిబిషన్లు పెట్టిస్తాడు. ఈసారి ఎల్బీనగర్ దగ్గర గ్రౌండు తీసుకున్నాడు.

"ఇస్సాకు గారూ, ఈసారి ఇటలీ అండీ. లండన్ అయిపోయింది, దుబాయ్ అయిపోయింది. ఇదిగో, ఇలాంటి ఊరు కావాలి" అని ఫోన్లో ఫోటో చూపించాడు. కొండవాలు మీద ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు రంగురంగుల ఇళ్లు, మెట్లు, పైన ఒక పాత బురుజు, కింద ఫోటో తెగిపోయిన చోట కాసిని నీళ్లు, కొంచెం రాతిగోడ. "నీళ్లు నిజం నీళ్లే పోయిద్దాం. పిల్లలకి పడవలు తిప్పుదాం. మే మొదటి శుక్రవారం ఓపెనింగ్. కుదరకపోతే ఇప్పుడే చెప్పేయండి, మొహమాటం వద్దు. ఫ్లెక్స్ వాళ్లు రెడీగా ఉన్నారు."

నాయిన గడ్డం గోక్కుంటున్నాడు.

"ఇది బాగా వస్తే జులైలో విజయవాడ, దసరాకి వైజాగ్ కూడా మీకే ఇస్తానండీ" అన్నాడాయన.

"చేస్తం సార్" అన్నాను, నాయిన నోరు తెరిచేలోగా. దసరా దాకా పని అంటే అమ్మకు చెప్పడానికి నా దగ్గర ఒక జవాబు ఉన్నట్టే.

ఆ ఫోటో తీసుకెళ్లి అమ్మకు చూపించాను. "అమ్మా, నువ్వున్న ఊరు గూడ గిట్లనే ఉంటదా?"

బియ్యంలో రాళ్లు ఏరుతూ ఓరకంట చూసింది. "ఫోన్ల అన్నీ గట్లనే కనవడ్తయ్" అని మళ్లీ చాటలోకి తల దించేసింది.

ఆమె తప్పు లేదు. ఇన్నేళ్లలో ఆ ఊరి గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడింది లేదు. నాయిన దాని పేరు కూడా పలికేవాడు కాదు, "ఆడ" అనేవాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఫోన్ చేసి "తిన్నవా? పానం మంచిగుందా? ఆడ చలి వెడ్తుందా?" అని అడిగి నాకిచ్చేసేవాడు. పెళ్లాన్ని పట్టుకుపోయిన ఊరంటే ఆయనకు కడుపుమంట. ఇప్పుడు అలాంటి ఊరినే తన చేతులతో కట్టాల్సి వచ్చింది. ఖర్మ కాకపోతే ఏమిటి!

కట్టాడు మాత్రం కసిగా. నేను దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో చేస్తున్న రిసెప్షన్ ఉద్యోగానికి రెండు నెలలు సెలవు పెట్టి, కుదరదంటే మానేసి వచ్చాను. పొద్దున్నే కొత్తపేటలో షేర్ ఆటో ఎక్కితే ఎల్బీనగర్‌లో దిగడం, పొద్దుగూకేదాకా ఆ ఎండలోనే. కర్రల చట్రాలకు ప్లైవుడ్ కొట్టి, గోనెగుడ్డను సున్నపు ముద్దలో ముంచి పైన పరిస్తే ఎండాక రాతిగోడలా తేలేది. బాటసింగారం పండ్ల మార్కెట్ నుంచి సైదులు యాపిల్ పెట్టెల చెక్క ట్రాలీలో వేయించుకొచ్చాడు. దాంతో పడవలు చేశారు. గులాబీ, పసుపు, ఇటుక రంగు ఇళ్లు లేచాయి. బురుజు లేచింది. పక్కనే రోడ్డు మీద మెట్రోలో పోయేవాళ్లు కిటికీలకు అతుక్కుని చూసేవారు.

ఇక రేవు. అక్కడే మా నాయిన నల్లగొండ బుద్ధి బయటపడింది. ఆయన పుట్టి పెరిగింది చెరువు కింద ఊళ్లో, సముద్రం చూసింది లేదు. నీళ్లున్న చోట కట్ట ఉండాలి, కట్ట కింద ఊరుండాలి. ఫోటోలో తెగిపోయిన ఆ కాస్త రాతిగోడ చూసి, కట్టేనని తేల్చేశాడు. ఇళ్లకూ నీళ్లకూ మధ్య ఈ చివర నుంచి ఆ చివర దాకా పొడుగాటి గోడ లేపాడు. ఇటు ఎక్కడానికి మెట్లు, అటు నీళ్లలోకి దిగడానికి మెట్లు.

"అచ్చం మా చెరువు కట్ట లెక్కనే ఉంది మేస్త్రీ" అని సైదులు మురిసిపోయాడు.

నాకూ ఏ తేడా కనిపించలేదు. చిన్నప్పటి నుంచి చర్చి నాటకాల్లో నాయిన గీసిన తెరలు చూసి పెరిగినదాన్ని. ఆయన గలిలయ సముద్రానికి కూడా కట్ట ఉండేది, కట్ట మీద తాటిచెట్లుండేవి. పేతురు ఆ కట్ట మీద నిలబడే వల విసిరేవాడు. పాస్టరు గారితో సహా ఎవరూ తప్పు పట్టలేదు, అందరూ మా వైపు వాళ్లే కదా. ప్రసన్నకుమార్ గారు కూడా వచ్చి చూసి "అదిరిపోయిందండీ" అని వెళ్లాడు.

అమ్మ గ్రౌండుకి మొదటిసారి వచ్చింది ఓపెనింగ్ ఉన్న వారంలోనే, సోమవారం మధ్యాహ్నం. అన్నం డబ్బా ఇంట్లో మరిచిపోయానని ఫోన్ చేశాను. నిజానికి కావాలనే వదిలేసి వచ్చాను. ఆమెను అక్కడికి రప్పించడానికి నాకు వేరే దారి తోచలేదు.

గేటులోకి అడుగు పెట్టి ఆగిపోయింది. ఇళ్లు చూసింది, మెట్లు చూసింది, బురుజు వైపు తలెత్తి చూసింది. గోనెగుడ్డ రాయిని అరచేత్తో తడిమింది. ముఖం మెత్తబడుతోందని నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత గోడ దగ్గరకు వచ్చింది. ఇటు మెట్లెక్కింది, అటు దిగింది, మళ్లీ ఎక్కి ఇళ్ల వైపు చూసింది. నవ్వడం మొదలుపెట్టింది.

మా అమ్మ అలా నవ్వుతుందని నేను మరిచేపోయాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, యాపిల్ పెట్టెల పడవ మీద కూలబడి, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. సైదులు సుత్తి పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఏందే? ఏమైంది?" అన్నాడు నాయిన.

"ఏందయ్యా గీ కట్ట? ఊరికి, నీళ్లకు నడుమ కట్ట వెడ్తరా ఎవలన్న?"

"మరి కట్ట లేకుంటే నీళ్లు ఊర్లకు రావా?"

"వాళ్ల బతుకే నీళ్లతోని. తలుపు తీసి గడప దిగితే పడవ ఉండాలె. గోడ గా అవతల దిక్కు ఉంటది, సముద్రం దిక్కు. చెయ్యి సాపి దగ్గరకు తీసుకున్నట్టు బయట నుంచి చుట్టుకొని వస్తది. అలలు దానికి కొట్టుకొని ఆడనే ఆగిపోతయ్. లోపట పడవలు నిమ్మళంగ ఉంటయ్." చేత్తో గాలిలో గీసి చూపించింది. "గా గోడ సముద్రాన్ని ఆపుతది. నువ్వు వెట్టిన గోడ మనుషులను ఆపుతది."

నాయిన ముఖం మాడిపోయింది. "ఫోటోల గట్లనే ఉంది."

"ఫోటోల సగమే ఉన్నది."

"ఉంటే ఉండనీ. ఎల్బీనగర్ల ఎవనికి తెలుస్తది?"

అమ్మ నవ్వు ఆగింది. అన్నం డబ్బా గోడ మీద పెట్టింది.

"నాకు తెలుస్తది" అంది. వచ్చిన దారినే గేటు దాటి వెళ్లిపోయింది.

నాయిన ఆ డబ్బా ముట్టలేదు. నేను ఊరుకోలేదు. "అమ్మ చెప్పింది నిజమే నాయినా. మార్చుదాం."

"నిజమైతే ఏంది? శుక్రారం ఓపెనింగ్ వెట్టుకొని కట్ట కూలగొట్టి మల్ల కడ్తమా? పిచ్చి గాని పట్టిందా?"

"కడ్దాం. నేను గోనె పరుస్త, సైదులన్న చట్రం కొడ్తడు."

"పో, పోయి రంగు కలుపు" అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో ఏం వాదిస్తాం! రంగు కలిపాను గానీ, మనసులో నేనూ మొండికేశాను. ఆయన కూలగొట్టకపోతే తెల్లారి నేనే గడ్డపార పట్టుకుంటాననుకున్నాను.

తెల్లారి లేచేసరికి గడ్డపార వాకిట్లో ఉంది. నాయిన దాని పక్కన కూర్చుని చాయ్ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టి, వంటింటి వైపు చూడకుండానే గొంతు సవరించుకున్నాడు.

"ఎలిజబెత్తూ, నువ్వు గూడ రా. గోడ ఏ దిక్కుకు పోవాలెనో జర నిలవడి చెప్పు."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. అమ్మ పొయ్యి ఆర్పి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి చెప్పులేసుకుంది. షేర్ ఆటోలో ముగ్గురం కూర్చున్నాం. గడ్డపార మా కాళ్ల మధ్య అడ్డంగా పడుకుంది.

మొదటి దెబ్బ నాయినే వేశాడు. పదకొండు గంటలకల్లా గోడ సగం నేలమీద ఉంది. సరిగ్గా అప్పుడే ప్రసన్నకుమార్ గారు దిగాడు.

"అయ్యో అయ్యో! ఏంటండీ ఇది? నిక్షేపంలా ఉన్న గోడని ఎందుకు పడగొట్టారు? నా కొంప ముంచారు కదయ్యా!" ఫోన్ తీశాడు. "ఫ్లెక్స్ వాళ్లని పిలిచేస్తున్నా. ఇంక మీతో నావల్ల కాదు."

నేను వెళ్లి ఆయన ముందు నిలబడ్డాను. "శుక్రవారం పొద్దటి దాకా ఆగుండ్రి సార్. అప్పటికి గోడ లేకుంటే ఫ్లెక్స్ నేనే దగ్గరుండి కట్టిస్త. మా నాయిన మల్ల మీ గేటు ముంగట కనవడడు." అమ్మ ఉండాలన్నా పోవాలన్నా అంతా ఆ ఫోన్ మీదే ఉందని ఆయనకేం తెలుసు!

అమ్మ వెనక నుంచి నెమ్మదిగా అంది: "సార్, గీ గోడ ఉంటే జనాలు దాని మీదికెక్కి, ఇండ్లకు వీపు వెట్టి నీళ్లు చూస్తరు. గోడ అవతలికి పోతే రంగుల ఇండ్లన్నీ నీళ్లల్ల కనవడ్తయ్. ఆడ ఫోటోలు దిగేటోళ్లంత దానికే దిగుతరు."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. "మీరు చూశారా?"

"నేను ఆడనే ఉన్న సార్. తల నెరిసింది గూడ ఆడనే" అంది అమ్మ.

ఫోన్ జేబులో పెట్టేశాడు. "శుక్రవారం పొద్దున్నే వస్తాను. ఆపైన నన్ను అనొద్దు" అని కారెక్కాడు.

ఆ మూడు రోజులు మా ఇంట్లో ఎవరూ ఎవరినీ పానం మంచిగుందా అని అడగలేదు. అంత తీరిక లేదు. అమ్మ చీర కుచ్చెళ్లు ఎగదోపి, మోచేతుల దాకా సున్నపు ముద్దలో పెట్టి, గోనెగుడ్డ పిండి పరుస్తూ మాట్లాడుతూనే ఉండేది. ఇన్నేళ్ల మాటలు ఎక్కడ దాచుకుందో! పాతకాలంలో ఓడల మీద దొంగలొస్తుంటే కనిపెట్టడానికి కట్టిన బురుజట అది. ఇప్పుడు దాంట్లో పావురాలుంటాయట. ఒకప్పుడు రేవు నిండా పడవలేనట, ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చట. కుర్రవాళ్లంతా హోటళ్లలో పనికి పోయారట. ఆగస్టులో మరియమ్మ విగ్రహాన్ని పడవలో పెట్టి సముద్రంలోకి తీసుకెళ్తారట, చేపల వేటకు పోయి రానివాళ్ల కోసం ముసలమ్మలు నీళ్లలో పూలు వేస్తారట.

"మన చర్చిల మరియమ్మకు మొక్కరు గదా" అన్నాడు సైదులు సాయం పడుతూ. మా ఇంటి సంగతులన్నీ అతనికీ తెలుసు.

"మొక్కకుంటే ఏంది? రాని మనుషులకోసం పువ్వులెయ్యనీకె ఏమడ్డం? నేను గూడ వేసిన" అంది అమ్మ.

నాయిన తల ఎత్తకుండా మేకులు కొడుతున్నాడు. కానీ అమ్మ మాట్లాడేటప్పుడు సుత్తి చప్పుడు తగ్గడం నేను గమనించాను.

"గోడకు తలుపుంటదా?" అని అడిగాడు కాసేపటికి.

"తలుపుండదు, సందుంటది. పడవలు గందుల నుంచే వస్తయ్. సందుకు అటొక దీపం, ఇటొక దీపం. లోపటికి వచ్చేటోనికి ఎడమ దిక్కు ఎర్రది, కుడి దిక్కు పచ్చది."

"దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ లెక్క" అన్నాడు సైదులు. ముగ్గురూ నవ్వారు.

గురువారం సాయంత్రం గోడ మీద ఆఖరి గోనె పరిచాక, నాయిన ఇళ్ల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఆడ... నువ్వుండే ఇల్లేది?"

పెళ్లానికి చెప్పులు కొనిచ్చేవాడు కొలత అడిగినట్టు, మామూలుగానే అడిగాడు. అమ్మ సున్నం చేతితోనే మూల మీది పసుపుపచ్చ ఇంటిని చూపించింది. "గసొంటిది. పైన కిటికీ. తెరేసమ్మ పొద్దుగూకంగనే గాడ కూసునేది. భర్త సముద్రంల పోయి ముప్పై ఏండ్లాయె, అయినా గోడ సందుల నుంచి పడవలన్నీ లోపటికి వచ్చిందాక లేసేది కాదు. 'అన్నీ వచ్చినయా' అని నన్ను అడుగుతుండె. నేను లెక్కవెట్టి చెప్పేదాన్ని."

ఆ ఇంటి కిటికీ ప్లైవుడ్ మీద రంగుతో గీసిన కిటికీ. నాయిన దాన్ని రంపంతో చుట్టూ కోసి, నిజం రెక్కలు పెట్టి, బందులు బిగించి, తెరిచి మూసి చూశాడు.

శుక్రవారం పొద్దున ట్యాంకర్లు వచ్చి నీళ్లు వదిలాయి. ప్రసన్నకుమార్ గారు చెప్పినట్టే వచ్చాడు, గోడ చుట్టూ నడిచాడు, ఇళ్ల ముందు ఒడ్డున నిలబడి నీళ్లలోకి చూశాడు. గులాబీ, పసుపు, ఇటుక రంగు అన్నీ నీళ్లలో తలకిందులుగా కదులుతున్నాయి. చివరికి, "విజయవాడకి జులై ఫస్టుకల్లా మొదలెట్టేయాలండీ" అన్నాడు. నాకు అక్కడికక్కడే కూర్చుని ఏడవాలనిపించింది.

సాయంత్రం గేట్లు తెరిచారు. చైతన్యపురి నుంచి, మలక్‌పేట నుంచి, ఎక్కడెక్కడి నుంచో జనం. పిల్లలు పడవల కోసం కొట్టుకుంటున్నారు, బుర్ఖాల్లో ఆడవాళ్లు, కోచింగ్ సెంటర్ల కుర్రవాళ్లు ఒడ్డు పొడుగునా ఫోన్లు చాపి నిలబడ్డారు. దీపాలు వేసే వేళకు అమ్మ కనిపించలేదు. వెతుకుతుంటే పైన, పసుపుపచ్చ ఇంటి కిటికీ రెక్కలు తెరుచుకున్నాయి. వెనక ఉన్న పరంజా ఎక్కి, కిటికీలోంచి తల బయట పెట్టి గోడ సందు వైపు చూస్తోంది. కళ్లు తుడుచుకుంటోంది.

నాయిన కింద జనం మధ్య నిలబడి తలెత్తాడు. అంత గోలలోనూ వినబడేలా అరిచాడు:

"ఏమే! అన్నీ వచ్చినయా?"

అమ్మ పడవల వైపు చూసింది, మా వైపు చూసింది.

"వచ్చినయ్! అన్నీ లోపట్నే ఉన్నయ్" అంది.

జూన్‌లో మొదటి వాన పడ్డాక సెట్టు విప్పేశారు. ప్లైవుడ్ లారీకెక్కింది, గోనె చెత్తలో కలిసింది. నాయిన ఆ కిటికీ ఒక్కటి ట్రాలీలో ఇంటికి తెచ్చాడు. బిగించడానికి చోటు లేదు, షెడ్డు రేకులకు ఆనించి పెట్టాడు. ఆ వారంలోనే ఇటలీ నుంచి ఫోన్ వచ్చింది. అమ్మ వాకిట్లో నిలబడి వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యలో రెండుసార్లు "నో" అంది. అది మాత్రం అర్థమైంది. లోపలికి పరిగెత్తి వంటింట్లో నిలబడి, ఎవరూ చూడకుండా స్తోత్రం చెప్పుకున్నాను.

సూట్‌కేసు కదిలింది జూన్ ఆఖర్లో. అమ్మ దాంట్లో బట్టలన్నీ తీసి బీరువాలో సర్దింది. ఖాళీ అయిన పెట్టెలో నాయిన బ్రష్షులు, బందులు, మేకుల డబ్బాలు, గుడ్డలో చుట్టి ఎర్ర దీపం, పచ్చ దీపం పెట్టింది.

"విజయవాడల సముద్రమున్నదా?" అన్నాడు నాయిన, పెట్టె మీద కూర్చుని జిప్ లాగుతూ.

"సముద్రమేడిది? కృష్ణ ఉంది."

"మరి ఆడ కట్ట ఏ దిక్కు వెడ్దాం?"

"నువ్వు ముందుగాల ఏం కట్టకు" అంది అమ్మ, ఆయన్ని పెట్టె మీంచి లేపి జిప్ తనే లాగేస్తూ. "నేనొచ్చి, చూసి చెప్త."